కింది దారం

బాబిన్ ఒంటి మీద నూలుపోగు లేదు. గోధుమరంగు దారం తీసేసి, కర్టెన్ల కోసం మీగడరంగుది పెట్టుకుందామని కుట్టుమిషను కింది మూత జరిపి, కింది దారం చుట్టుకునే బాబిన్ ఉండే డబ్బీ లాగితే, అందులోంచి ఉత్త ఇనప చక్రం తళతళలాడుతూ ఆమె అరచేతిలోకి జారింది. పైన మాత్రం దారపు కండె నిండుగానే ఉంది, సూది బెజ్జంలో ఎక్కించిన దారం ఎక్కించినట్టే ఉంది, పైనంతా శుభ్రంగానే ఉంది. ఆమె ఆ చక్రాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి ఇటు తిప్పింది, అటు తిప్పింది, తిప్పితే దారం పుట్టుకొస్తుందేమో అన్నట్టు. ఎప్పుడయిపోయింది ఇది? నిన్ననే కదా చుట్టింది? కాదు, నిన్న కాదు, మొన్న. మొన్న చుట్టినదానితో ఎవరివో సోఫా తొడుగులు కుట్టింది, మిగిలినదానితో నిన్న మధ్యాహ్నం... నిన్న మధ్యాహ్నం ఈ మిషను మీద ఆఖరున కుట్టింది ఏమిటి? సంచీ. పిల్లని కట్టుకునే సంచీ. ముందు కుడి పట్టీ, తర్వాత ఎడమ పట్టీ. ఆ సంచీలో ఇప్పుడు పిల్ల ఉంది. ఆ సంచీ మొగుడి ఛాతీ మీద ఉంది. మొగుడు ఊళ్ళో ఎక్కడో నడుస్తున్నాడు.

మిషను కుట్టుకి రెండు దారాలుంటాయని చాలామందికి తెలియదు. మొగుడికే తెలియదు, పెళ్ళయిన కొత్తలో మూత తీసి చూపిస్తే, "దాచిపెట్టి ఇంకో దారం ఎందుకు, ఒకటి చాలదా?" అన్నాడు. ఆమెకి కుట్టు నేర్పిన పెద్దమ్మ అనేది, పై దారం చూసేవాళ్ళకి, కింది దారం కట్టుకునేవాళ్ళకి అని. కంటికి కనపడేది పైది, బట్టని పట్టి ఉంచేది కిందిది. ఆ కిందిది అయిపోయిందనుకోండి, మిషను ఆగదు, అరవదు, సూది పొడుస్తూనే ఉంటుంది, పై దారం బట్ట మీద చీమలబారులా పరుచుకుంటూనే పోతుంది. చూస్తే కుట్టే, తడిమితే కుట్టే, లాగితే మాత్రం అరటిపండు తొక్క. పెద్దమ్మ కళ్ళు మూసుకుని పక్కన కూర్చుని, "విను, చూడ్డం కాదే, విను, కింద దారం ఉంటే మిషను నములుతుంది, లేకపోతే ఉత్త పళ్ళు కొరుకుతుంది" అని చెవి మెలిపెట్టి మరీ నేర్పింది. ఆ మెలిపెట్టిన చెవి ఇన్నేళ్ళలో ఒక్కసారీ మోసపోలేదు. వీధిలో పోతూ పోతూ ఎవరింట్లోంచో మిషను చప్పుడు వినపడితే, పాపం వీళ్ళకి కింద అయిపోయింది, చూసుకోవడం లేదు, అని నవ్వుకునేది. నిన్న ఆ చెవి ఏమైంది? నిన్న ఆ చెవి నిండా పిల్ల ఏడుపు ఉంది.

పుట్టినప్పుడు పిడికెడంత ఉందని వాళ్ళ నాన్న 'పిడికెడు' అన్నాడు, ఆ తర్వాత పేరు రాయించినా అది కాగితం మీదే ఉండిపోయింది, అందరి నోటా పిడికెడే. మనిషి పిడికెడు, గొంతు గంపెడు. సంచీ కొత్తదేం కాదు, పిల్లకి మెడ నిలిచిన దగ్గర్నుంచీ ఆమె కట్టుకుంటూనే ఉంది, మొదట ఉల్లిపాయల మూట కట్టుకుని వంటింట్లో గంతులేసి మరీ పరీక్ష పెట్టింది, ఉల్లిపాయలు పిల్లకంటే బరువు, ఆ సంచీకి ఢోకా లేదు. కానీ అది ఆమె భుజాలకి కుట్టింది. మొగుడివి గోడౌన్లో పెట్టెలు మోసే భుజాలు, ఎప్పుడు కట్టుకోబోయినా పట్టీలు మెడని కొరికేవి, "నీ కూతురు నన్ను ఉరి తీస్తోంది" అని విప్పేసేవాడు. అందుకని నిన్న పట్టీలు రెండూ ఊడదీసింది, రెండు వేళ్ళ మేర పక్కకి జరిపింది, కదలకుండా చేత్తో కచ్చా కుట్టు వేసి నిలబెట్టింది, దాని మీద మిషను కుట్టు, నాలుగు వైపులా పెట్టెలా తిప్పి మధ్యలో ఇంటూ మార్కు. కుడివైపు అయింది, తిప్పి చూసింది, పైనెలా ఉందో కిందా అలాగే ఉంది, మోకాలు ఆనించి బలమంతా పెట్టి లాగింది, ఉలకలేదు పలకలేదు. ఎడమవైపు మిషను పాదం కింద పెట్టీ పెట్టగానే పిల్ల లేచింది. ఇదిగో అయిపోయింది తల్లీ, ఇదిగో వచ్చేశా, అమ్మ వచ్చేసింది, అని నోరు మంచం దగ్గరా కాలు పెడలు మీదా పెట్టుకుని పెట్టె తిప్పింది, ఇంటూ వేసింది, దారం తెంపింది. లాగి చూసిందా? చూసింది. ఒంటి చేత్తో ఒక్క లాగు, రెండో చెయ్యి అప్పటికే మంచం వైపు చాచి ఉంది. నిలిచింది. ఏది నిలిచింది, మిషను కుట్టా, కచ్చా కుట్టా? కచ్చా కుట్టు అంటే ఏముంది, పంటితో కొరికితే తెగే దారం, దూరం దూరంగా నాలుగు పోట్లు, అద్దె కుర్చీ లాంటిది, పనయ్యేదాకా ఉండి వెళ్ళిపోయేది. తిప్పి చూసిందా? కింది వైపు తిప్పి చూసిందా? ఎంత గింజుకున్నా, తిప్పిన చెయ్యి కనపడటం లేదు. పిల్ల నోటికి పాలు పట్టిన చెయ్యి కనపడుతోంది, చెమట పట్టిన ఆ చిన్న నుదురు తుడిచిన చెయ్యి కనపడుతోంది. సంచీ తిప్పిన చెయ్యి మాత్రం లేదు.

ఫోను మోగుతోంది, అటు మోగుతూనే ఉంది, ఎత్తడు. ఎలా ఎత్తుతాడు? అతని ఫోను ఉండేది ప్యాంటు వెనక జేబులో. ఆ జేబు మీదుగా నడుం పట్టీ పోతుంది. ఆ నడుం పట్టీని జానెడు వెడల్పు పెట్టి కుట్టింది ఎవరు? ఈమే. నడుము ఒత్తుకోకూడదని, బరువంతా తుంటి మీదకి దిగాలని, తెలివి. తెలివి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది, జేబు మూసుకుపోతుంది. మళ్ళీ చేసింది, మళ్ళీ మోగింది, అతని తుంటి మీద కప్పల బెకబెకలా మోగుతూ ఉంటుంది, వీధి రొదలో వినపడినా, ఆ, అదే, కర్టెన్ల వాళ్ళెవరో తొందర పెడుతుంటే నా మీద విసుక్కోడానికి చేస్తోంది, అనుకుంటాడు. పొద్దున్న ఆమె స్నానం చేసి వచ్చేసరికి తలుపు దగ్గరకి వేసిన చప్పుడు, తడి తలతో బాల్కనీలోకి వస్తే కింద వీధిలో అతని వీపు, వీపు మీద గోధుమరంగు పట్టీలు అడ్డదిడ్డంగా కాకుండా చక్కగా ఒకదాని మీదుగా ఒకటి, సాయం లేకుండా తనంతట తనే కట్టుకున్నాడు, మొదటిసారి. పైన ఆమె ఉంటుందని తెలిసినట్టు, వెనక్కి తిరక్కుండానే చేతులు రెండూ గాల్లోకి ఎత్తి ఊపాడు, చూశావా, ఖాళీ, అన్నట్టు. అమ్మకి చూపించి వస్తాను, ఈలోగా నీ పని కానిచ్చుకో, అని నిన్నే అన్నాడు. ఆ వీపుని చూసి ఆమె నవ్వుకుంది.

కొట్లోది కొనేస్తే పోయేది. గోడ నిండా వేలాడుతున్నాయి కదా, చట్రం ఉన్నవి, చట్రం లేనివి, రింగులోంచి గుడ్డ దూర్చి ఒంటి భుజానికి వేసుకునేవి, పిల్లని ముందుకి చూపించేవి, వెనక్కి మోసేవి, చూస్తే కళ్ళు తిరిగాయి, పుట్టిందేమో పిడికెడు, దానికి ఇన్ని మార్గాలా అనిపించింది. అమ్మే అమ్మాయి ఒక ప్లాస్టిక్ బొమ్మని తెచ్చి మొగుడి ఛాతీకి కట్టింది, "ఇలా టక్కున వేసేయొచ్చు సార్, టక్కున తీసేయొచ్చు." మొగుడు బొమ్మని కట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. "ఎలా ఉన్నాను? నాన్నలా ఉన్నానా?" "కూలీలా ఉన్నారు." "రెండూ ఒకటేనోయ్, ఇప్పుడిప్పుడే తెలుస్తోంది." ఆమె ఈలోగా ఇంకో సంచీని లోపలి వైపు బయటికి తిప్పి కుట్టు చూస్తోంది. "మేడమ్, అలా తిప్పకూడదండి." "తిప్పకపోతే ఎలా తెలుస్తుందమ్మా, పైనుంచి చూస్తే అందరూ మంచివాళ్ళే." ఆ మాట తనే అంది. అంత గట్టిగా అంది, పక్కన ఉన్నవాళ్ళు కూడా వాళ్ళ సంచులు తిప్పి చూసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ కుట్టు మంచి కుట్టు, దగ్గర కుట్టు, రెండు వరసలు, వంక పెట్టడానికి లేదు, అది ఆమెకి తెలుసు. తెలిసే, "ప్లాస్టిక్ కొక్కెం, ఎండకి విరిగితే?" అని అక్కడే పెట్టేసింది. ఊరందరికీ కుట్టి పెట్టేదాని ఇంట్లో కొన్న సంచీయా? బట్ట చిరగాలి గానీ ఈవిడ కుట్టు తెగదు అని జనం అనే మనిషి, కన్న కూతురికి ఎవరో మిషను మీద ఎక్కడో కుట్టింది కడుతుందా? అత్తగారు విని ఇంకోటంది. క్యారియర్ కుడుతున్నానత్తయ్యా అంటే, "క్యారియర్ అంటే అన్నం పెట్టుకునేది కదమ్మా" అంది, పిల్లని కట్టుకునేదని చెబితే, "చంక ఉంచుకుని ఊరంతా సంచీ వెతికారన్నమాట" అంది. ఆ మాటకీ పట్టుదల పెరిగింది. ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టుకుంది, మోకాళ్ళు పిర్రల కంటే పైన ఉండాలి, కప్ప కాళ్ళలా, గడ్డం ఛాతీకి ఆనుకోకూడదు, ఊపిరికి దారి ఉండాలి, తల మనం వంగితే ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. సోఫాలకి వాడే గట్టి గుడ్డ, లోపల మెత్తని పాత దుప్పటి, అన్నీ చేత్తో జానలు వేసి కొలిచింది. కప్ప కాళ్ళు చూసుకుంది, గడ్డం చూసుకుంది, ముద్దు ఎత్తు చూసుకుంది. ఇనప చక్రం చూసుకోలేదు.

అసలు సంచీ ఎందుకంటే, అది ఎవరికీ చెప్పలేదు. పుట్టిన కొత్తలో పిడికెడు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది, పెట్టెకి పక్కన చేతులు పెట్టే గుండ్రటి కంతలున్నాయి, ఆ కంతలోంచి వేలు పెట్టి వేలికి పిల్ల వేళ్ళు తగిలిస్తే, అంతే, అదే ఎత్తుకోవడం. ఒళ్ళు ఒంటికి తగలకుండా అన్ని రోజులు. ఇంటికొచ్చాక ఆమెకి దించబుద్ధి కాలేదు. దించితే మళ్ళీ అద్దం అడ్డొస్తుందేమో అని. కానీ చేతులు కావాలి కదా, చేతులతోనే కదా ఇల్లు నడిచేది. అందుకని కట్టుకుంది. కట్టుకుని గిన్నెలు తోమింది, కట్టుకుని గుడ్డ కత్తిరించింది, గడ్డం కింద ఆ తల, ఆ పాలవాసన, కత్తెర చప్పుడుకి ఒకసారి ఉలిక్కిపడి మళ్ళీ నిద్రలోకి జారే ఆ ఒళ్ళు. ఇప్పుడు అదే ఒళ్ళు, నాలుగు కచ్చా పోట్ల మీద. నడుం పట్టీ అడుగుని పట్టుకుంటుంది, కుడి పట్టీ కుడివైపు పట్టుకుంటుంది, ఎడమది వదిలితే గుడ్డ ఎడమవైపు ఆకులా వాలిపోతుంది, పిల్ల తల ముందు అటే పోతుంది, మనిషికి తలే కదా బరువు, పసివాళ్ళకి మరీ. అటే, ఎడమవైపుకే. అతని చేతులు ఎక్కడుంటాయప్పుడు? జేబులో ఉంటాయి. గాల్లో ఉంటాయి.

అత్తగారికి ఫోను చేసింది. చేస్తూ, ఏం చెప్పాలో అనుకోలేదు.

"ఇప్పుడే వెళ్ళాడమ్మా. ఇదేం రావడం, గుమ్మంలో నిలబడి టీ తాగాడు, కూర్చోమంటే కూర్చోడు. పిల్ల నిద్రపోతోంది, విప్పితే లేస్తుంది అన్నాడు. నా చేతికి కూడా ఇవ్వలేదు. సంచీ వచ్చాక నాయనమ్మకి చేతులు అక్కర్లేదు మరి."

"ఎటు వెళ్ళారత్తయ్యా? వంతెన మీదుగానా, మార్కెట్ మీదుగానా?"

"ఎటు వెళ్తే ఏం, ఇంటికేగా? నీ గొంతేమిటి అలా ఉంది? ఏమైంది?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే సరే. రాగానే దానికి దిష్టి..." అని ఏదో అంటూ ఉండగానే ఆమె పెట్టేసింది. ఏం లేదత్తయ్యా. ఎంత సులువుగా వచ్చింది నోటికి. ఒక్క మాట చెబితే ఆవిడ గేటు దాకా వచ్చి కేకేసేదేమో, వీధిలో ఎవర్నో ఒకర్ని పరిగెత్తించేదేమో, ఒరేయ్ మా వాణ్ణి ఆపండ్రా అని. చెప్పలేకపోయింది. నా కుట్టు తప్పిందత్తయ్యా, అని ఆ నాలుగు మాటలు. పిల్ల కంటే ఎక్కువా కుట్టు? కాదు. కానీ ఆ మాటలు కూడగట్టుకునేలోగా నోరు ఏం లేదనేసింది. మళ్ళీ చెయ్యనా? మళ్ళీ చేస్తే ఆవిడ మోకాళ్ళ నొప్పులతో చెప్పులు వెతుక్కునేసరికి అతను సగం దారి వచ్చేసి ఉంటాడు. ఆమె బాల్కనీలోకి వెళ్ళింది, లోపలికి వచ్చింది, మిషను ముందు కూర్చుంది, లేచింది. చేతిలో ఆ చక్రం ఇంకా ఉంది, అరచేతిలో గుండ్రంగా అచ్చు పడింది. ఎదురెళ్ళాలి. ఎదురెళ్తే ఎటు? రైలు పట్టాల మీది వంతెన ఎక్కితే అతను మార్కెట్ దారిన వచ్చి తాళం చూసి గుమ్మంలో నిలబడతాడు, నిలబడి ఊరికే ఉంటాడా, మెట్ల మీద కూర్చుని వంగి చెప్పులు విప్పుతాడు. వంగితే? వంగకూడదు. ఎడమకి వాలకూడదు, పరిగెత్తకూడదు, తుమ్మకూడదు. మార్కెట్ దారికి వెళ్తే అతను వంతెన మీద ఉంటాడు. వంతెన మీదే ఉంటాడు. రైళ్ళంటే అతనికి పిచ్చి, పిల్లకి ఇంజిన్ చూపించాలి అని కడుపులో ఉన్నప్పటి నుంచీ అంటున్నాడు. చూపించాలంటే కమ్మీ మీదకి వంగాలి.

తలుపు వేసిందో లేదో తెలియదు. మెట్లు దిగుతుంటే కింది వాటా ఆవిడ బట్టలు ఆరేస్తూ తల బయట పెట్టింది. "ఏమిటమ్మా ఆ పరుగు?" "మా ఆయనకి ఎదురెళ్తున్నానండీ." "పిల్ల పుట్టాక కూడా ఎదురెళ్తున్నావంటే రాసిపెట్టుకు పుట్టాడమ్మా ఆయన." నవ్వు. ఆ నవ్వు వెనక నుంచి వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. వీధిలో అన్నీ పడేవే కనపడుతున్నాయి, సైకిలు వెనక కట్టిన గుడ్డు అట్టలు, గోడ మీద పూలకుండీ, ఎవరో భుజాన వేసుకున్న నిచ్చెన, ఒక ఆవిడ చంకలోంచి జారిపోతున్న సంచీలోంచి ఒక నిమ్మకాయ దొర్లి కాలవలో పడింది, ఆమె చూస్తుండగానే పడింది, ఎంత సులువుగా పడింది, ముందు లేదు వెనక లేదు, ఉంది, లేదు. ఈ కుట్టు ఎలా తెగుతుందో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అదే పాపం. ఇంకెవరైనా అయితే, ఏదో అవుతుంది అని భయపడతారు. ఈమెకి ఏదో కాదు, ఎలాగో తెలుసు. ముందు ఒక కచ్చా పోటు సాగుతుంది. బరువు పక్క పోటు మీద పడుతుంది. అడుగు అడుగుకీ ఛాతీ మీద పిల్ల కొంచెం పైకీ కిందకీ ఆడుతుంది కదా, ఆ ఆటకి దారం గుడ్డ అంచు మీద రాసుకుంటుంది, పీచు లేస్తుంది. ఒకటి తెగుతుంది. మిగిలినవి మూడు. తెగిన చప్పుడు ఎవరికీ వినపడదు. నిద్రపోయే పిల్ల అయితే కదలదు, ఇంకాసేపు ఉంటుంది, లేచిందా, రైలు కూత వేసిందా, ఆ కాళ్ళు తన్నుకుంటాయి, చేతులు కొట్టుకుంటాయి, దానికి సంతోషం వస్తే ఒళ్ళంతా వస్తుంది. తన్నుకోవద్దు తల్లీ. నిద్రపో. ఇంకాసేపు నిద్రపో. నిన్న నిద్రపోమంటే లేచావు, ఇవాళైనా మాట విను.

వంతెన మెట్ల కింద నిలబడి తల ఎత్తితే అతను కనపడ్డాడు. పైన, నడిమధ్యలో, కమ్మీ దగ్గర, అటు తిరిగి. గాలికి చొక్కా ఉబ్బుతోంది. కింద పట్టాల మీద ఇంజిన్ ఒకటి కదలకుండా పొగరుగా నిలబడి ఉంది, దాన్ని వేలెత్తి చూపిస్తున్నాడు, అంటే పిల్ల లేచింది. నోటిదాకా వచ్చిన పిలుపుని ఆమె మింగేసింది. పిలిస్తే ఉలిక్కిపడి గిర్రున తిరుగుతాడు. పిలిస్తే, ఏమిటో అని మెట్ల మీద దభదభా దిగి వస్తాడు, రెండేసి మెట్లు. గోడ మీద పిల్లి ఉన్నప్పుడు కుండని ఎలా చూస్తామో అలా చూస్తూ ఎక్కింది, మెట్టు చూడకుండా, అతని మోచేతుల్నే చూస్తూ. జనం దిగుతున్నారు, భుజాలు తగులుతున్నాయి, "చూసుకుని ఎక్కమ్మా", "కుడివైపు నడవాలి", ఎవరివో మాటలు, ఆమె ఎవరికీ దారి ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు. సగంలో అతను ఇటు తిరిగాడు. చూశాడు. ముఖమంతా విప్పారింది. ఆమె అరచెయ్యి చూపించింది, ఆగండి, అక్కడే, కదలకండి, అని. అతనికి అది పలకరింపులా కనపడింది, రెండు చేతులూ తలపైకి ఎత్తి ఊపాడు, ఎడమ చెయ్యి ఎత్తినప్పుడు ఎడమ భుజం లేచింది, భుజంతో పట్టీ లేచింది. చేతులు దిగాయి. పిల్ల ఉంది. మిగిలిన మెట్లు ఎలా ఎక్కిందో ఆమె కాళ్ళనే అడగాలి. దగ్గరికి వెళ్ళి, పలకరించకుండా, ముఖం చూడకుండా, రెండు అరచేతులూ పిల్ల అడుగున పెట్టింది.

"ఏమిటోయ్, నీ కర్టెన్లు వాటంతటవే కుట్టుకుంటున్నాయా?"

వేళ్ళకి ఏదో తగిలింది. తగలకూడనిది. అడుగున ఉత్త గుడ్డే ఉండాల్సిన చోట గట్టిగా, మందంగా, రెండు చుట్లు. ఒకటి పిల్ల అడుగున, ఒకటి పిల్ల వీపు మీదుగా, పట్టీల కొసలు ముందుకు తెచ్చి, పక్కన ఒక ముడి, ముడి మీద ముడి, ఎడమ కుట్టు వదిలినా పిల్ల జారకుండా.

"ఇదేమిటి?"

"ఏది? ఓ, అదా. నువ్వు చెప్పిన ముడి వెనకాల వెయ్యబోతే చెయ్యి అందలేదు. నిన్ను పిలిస్తే స్నానంలో ఉన్నావు. అందుకని పెట్టెకి వేసినట్టు వేశా, అడుగునుంచి ఒకటి, దాని వీపు మీదుగా ఒకటి. తిట్టకు, కాళ్ళు చూశాను, కప్పలాగే ఉన్నాయి. గడ్డం కూడా చూశాను."

"విప్పండి."

"ఇక్కడా? నడి వంతెన మీదా?"

"నేను పట్టుకున్నాను. నెమ్మదిగా విప్పండి."

అప్పుడు ఆమె ముఖం చూశాడు. వీపు కమ్మీకి ఆనించి, ముడి మీది ముడి విప్పాడు, కింది ముడి విప్పాడు, చుట్టు తీశాడు, ఇంకో చుట్టు తీశాడు. పిడికెడు బరువంతా ఆమె చేతుల్లోకి దిగింది, వెచ్చగా, నిద్రమత్తుగా, వెనకనుంచి గాలి తగలగానే పెదవి విరిచి ఏడుపు మొదలుపెట్టింది. గంపెడు గొంతు. దాటిపోతున్న మనిషి ఒకాయన ఆగి చూసి వెళ్ళాడు. ఆమె పిల్లని భుజాన వేసుకుని, తల వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎడమ పట్టీ లాగండి" అంది.

అతను లాగాడు. గట్టిగా కూడా కాదు, పక్కనున్న మనిషిని పిలవడానికి చొక్కా అంచు లాగినట్టు. కచ్చా పోట్లు మిగిలినవి టపటపా తెగాయి. పట్టీ ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. పై దారం పొడుగ్గా, ఒక్క ముక్కగా, గాలికి ఊగుతోంది. గుడ్డ తిప్పి చూస్తే అటువైపు దారం లేదు, వరసగా సూది పొడిచిన బెజ్జాలు, పెట్టె, పెట్టెలో ఇంటూ, అంతా ఎంతో నీటుగా.

"కింది దారం అయిపోయింది," అంది. "నిన్ననే. నేను తిప్పి చూసుకోలేదు."

అతను ఆ బెజ్జాల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. కమ్మీ మీదుగా కిందకి చూశాడు, పట్టాల వైపు, చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. కమ్మీ పట్టుకున్నాడు. ఇప్పుడు అంటాడు, అనుకుంది ఆమె, కొట్లోది కొందామన్నానా లేదా అంటాడు, అననీ, అనాలి, అంటే బాగుండు. అతను సంచీని చుట్ట చుట్టాడు, పట్టీని దానిలోపల దూర్చి, చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు.

ఇద్దరూ మెట్ల దగ్గరికి నడిచారు. పిల్ల ఏడుస్తూనే ఉంది, ఏడుపు చెవిలో పెట్టుకుని ఆమె నిండుగా వింటోంది, కింద దారం ఉన్న ఏడుపు. మొదటి మెట్టు దగ్గర అతను, "ఆగు, నేను ముందు" అని, బరువు సామాను దించేటప్పుడు గోడౌన్లో దిగినట్టు, ఆమె వైపు తిరిగి వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టాడు, ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి ఆమె ముందు తెరిచిపెట్టి. "మెట్టు" అన్నాడు. ఆమె దిగింది. "మెట్టు." దిగింది. ఎక్కుతున్న జనం విసుక్కున్నారు, ఇదేం నడకయ్యా, వెనక కళ్ళున్నాయా, అని ఒకాయన గట్టిగానే అన్నాడు, అతను వినలేదు, వాళ్ళిద్దరి మీంచి చూపు తియ్యలేదు. మెట్టు. మెట్టు. కిందకి వచ్చేశారని అతనికి తెలియలేదు. "మెట్టు" అని లేని మెట్టు కోసం కాలు వెనక్కి చాచాడు, నేల ముందే తగిలింది, తూలాడు, నిలబడ్డాడు. చెయ్యి మాత్రం చాచినది చాచినట్టే ఉంది. అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు.